కుక్క ఇన్సూరెన్స్: మొదటి ఏడాది ప్రీమియం అసలు ధర కాదు

డాలస్ అయినా, న్యూజెర్సీ అయినా, బే ఏరియా అయినా, తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది: "అన్నా, పిల్లలు ఊరుకోవట్లేదని కుక్కపిల్లని తెచ్చుకున్నాం, ఇన్సూరెన్స్ తీసుకోవాలా, నెలకెంతవుతుంది?" ఒకరు వెంటనే "దండగ, ఆ డబ్బులు బ్యాంకులో వేసుకో" అంటారు. ఇంకొకరు "మావాడికి ఆపరేషన్ అయితే మూడు వేలు వెనక్కి వచ్చాయి, కళ్లు మూసుకుని తీసుకో" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాకపోతే ఇద్దరూ చెప్పేది ఒక ఏడాది లెక్క, కుక్క పది పన్నెండేళ్లు బతుకుతుంది.

అడిగినదానికి జవాబు ముందే చెప్పేస్తాను. పెట్ ఇన్సూరెన్స్ కంపెనీల సంఘం ఏటా సగటు ప్రీమియంలు బయటపెడుతుంది. ప్రమాదాలు, జబ్బులు రెండూ కవర్ అయ్యే పాలసీకి అమెరికాలో కుక్కకి 2023లో నెలకు సగటున 56 డాలర్లు, 2024లో 62 డాలర్లు. పిల్లికి దాదాపు అందులో సగం. ప్రమాదాలకు మాత్రమే అయితే పదహారో పదిహేడో. అయితే ఈ సగటులో మూడు నెలల కుక్కపిల్లలూ ఉన్నాయి, మోకాళ్లు అరిగిపోయిన పదేళ్ల ల్యాబ్రడార్లూ ఉన్నాయి, కాబట్టి మీకు వచ్చే కొటేషన్ 35 ఉండొచ్చు, 120 కూడా ఉండొచ్చు. అది చూసి చవకనో ఖరీదనో తేల్చేయకండి.

మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఎక్కడంటే, దీన్ని ఆఫీసులో ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్‌లాంటిదే అనుకోవడం దగ్గర. చట్టం దృష్టిలో కుక్క మీ ఆస్తి. అందుకే ఈ పాలసీ హెల్త్ ఇన్సూరెన్స్ కిందికి రాదు, ఇల్లు, కారు బీమాలు ఉండే ప్రాపర్టీ అండ్ క్యాజువల్టీ కిందికి వస్తుంది. మనుషుల ఇన్సూరెన్స్‌లో పాత జబ్బుందని కవర్ చేయకుండా తప్పించుకోవడం ఒబామా కేర్ తర్వాత కుదరదు, ఇక్కడ బ్రహ్మాండంగా కుదురుతుంది. సాధారణంగా నెట్‌వర్క్ డాక్టర్లంటూ ఉండరు, లైసెన్సు ఉన్న ఏ వెట్ (పశువుల డాక్టరు) దగ్గరికైనా వెళ్లొచ్చు, కానీ కౌంటర్ దగ్గర బిల్లు మొత్తం మీరే కట్టి, రసీదులు పంపి, డబ్బులు వెనక్కి వచ్చేదాకా ఆగాలి. ట్రుపానియన్‌లాగా ఆసుపత్రికే నేరుగా చెల్లించే కంపెనీలు ఉన్నా, ఆ ఆసుపత్రిలో ఆ సదుపాయం ఉంటేనే. వైద్యం ఖర్చులకి పన్ను లేకుండా దాచుకునే హెచ్ఎస్ఏ, ఎఫ్ఎస్ఏ ఖాతాల కార్డు గీకడం కుదరదు (వికలాంగులకి సాయపడే సర్వీస్ డాగ్ అయితే వేరే సంగతి). ఆఫీసు వాళ్లు బెనిఫిట్స్ లిస్టులో పెట్ ఇన్సూరెన్స్ అని చూపిస్తే సంబరపడకండి, చాలాచోట్ల అది కొద్దిపాటి గ్రూప్ డిస్కౌంట్ మాత్రమే, ప్రీమియం అంతా మీ జీతంలోంచే పోతుంది.

నిజానికి ఊళ్లో పాడిగేదెకి బీమా చేయించిన ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది తొందరగా అర్థమవుతుంది. చెవికి ట్యాగ్ లేకపోతే క్లెయిమ్ లేదు, డాక్టరు సర్టిఫికెట్ లేకపోతే క్లెయిమ్ లేదు, బీమాకి ముందే రోగం ఉందని తేలితే అసలే లేదు. స్వభావం అదే, అక్కడ గేదె చనిపోతే దాని ఖరీదు ఇస్తారు, ఇక్కడ వైద్యం ఖర్చు ఇస్తారు, అంతే తేడా.

ఒక బిల్లు విప్పి చూద్దాం. మాకు తెలిసినవాళ్ల గోల్డెన్‌డూడుల్, పేరు కోకో, ఏడాదిన్నర వయసు. జూన్‌లో ఇండియన్ స్టోర్ నుంచి మామిడిపళ్ల పెట్టె వచ్చింది, తిన్నవాళ్లు టెంకలు ప్లేటులో పెట్టి టీవీ ముందు కూర్చున్నారు, ఒక టెంక మాయమైంది, ఎవరూ గమనించలేదు. మర్నాటి నుంచి వాంతులు, నీళ్లు తాగినా నిలవట్లేదు. ఆదివారం రాత్రి కాబట్టి ఎమర్జెన్సీ ఆసుపత్రే దిక్కు. అక్కడ ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ తీసి పేగులో ఏదో అడ్డుపడిందన్నారు. తర్వాత ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకొచ్చి చూపించిన ఎస్టిమేట్‌లో రెండు వరసలు: తక్కువలో తక్కువ ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత. ఒక్కో ఐటమ్ విడివిడిగా, మత్తుకి ఇంత, ఆపరేషన్ థియేటర్‌కి ఇంత, రాత్రి ఉంచుకోవడానికి ఇంత, కుట్లు నాకకుండా మెడచుట్టూ పెట్టే ప్లాస్టిక్ గరాటాకి కూడా ఇంత. తక్కువ వరసలో ఉన్న మొత్తం ముందే డిపాజిట్ కడితేనే కుక్కని లోపలికి తీసుకెళతారు. పిల్లలు పక్కనే నిలబడి ఏడుస్తుంటే ఆ కాగితం చదవడం ఎవరివల్లా కాదు.

చివరికి బిల్లు 4,200 డాలర్ల దగ్గర తేలింది. వాళ్ల పాలసీలో డిడక్టిబుల్ (ముందుగా మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం) 500, రీయింబర్స్‌మెంట్ (మిగిలినదాంట్లో కంపెనీ తిరిగిచ్చే వాటా) 80 శాతం. 80 శాతం అంటే 3,360 వస్తాయనుకుంటాం కదా, రావు. ఆ పాలసీలో ఎగ్జామ్ ఫీజు, అంటే డాక్టరు చూసినందుకు తీసుకునే ఫీజు, కవర్ కాదు, అది 180. మిగిలిన 4,020లోంచి డిడక్టిబుల్ తీసేస్తే 3,520, అందులో 80 శాతం 2,816. జేబులోంచి పోయింది 1,384. ఇంకో రకం పాలసీలు ముందు 80 శాతం లెక్కగట్టి, దానిలోంచి డిడక్టిబుల్ తీసేస్తాయి, అలా అయితే చేతికొచ్చేది 2,716. ఒకే బిల్లు, ఒకే అంకెలు, లెక్కకట్టే వరస మారితే వంద డాలర్లు తేడా. శాంపుల్ పాలసీ కాగితంలో ఈ వరస రాసే ఉంటుంది, కొనేముందు అది ఒక్కటైనా వెతికి చదవండి.

మాటల్లో మాట, మామిడి టెంక ఒక్కటే కాదు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. ఎందుకా అని వెతికిన పశువైద్యులు 2021లో టార్టారిక్ ఆమ్లం మీద అనుమానం వ్యక్తం చేశారు, అది దండిగా ఉండే ఇంకో వస్తువు మన చింతపండు. కిస్‌మిస్ వేసిన పరమాన్నం, చింతపండు పులిహోర, ఉల్లిపాయ కూర, అన్నీ ఒకేరోజు వండే ఇంట్లో కుక్క ఉందంటే, కనీసం ప్రమాదాల పాలసీ అయినా ఉండటం మంచిదని నా అభిప్రాయం. ఇలా విషం తినడాన్ని సాధారణంగా ప్రమాదం కిందే లెక్కేస్తారు.

ఇక ప్రీమియం దేన్ని బట్టి నిర్ణయమవుతుందంటే, మీ చేతిలో లేనివి మూడు: జాతి, వయసు, జిప్ కోడ్. ఫ్రెంచ్ బుల్‌డాగ్ 2022లో ల్యాబ్రడార్‌ని దాటి అమెరికాలో నంబర్ వన్ జాతి అయింది, ముక్కు లోపలికి నొక్కుకుపోయి ఊపిరి అందని జాతి, వెన్నుపూస సమస్యలూ ఎక్కువే, అందుకే దాని ప్రీమియం చూస్తే గుండె గుభేలుమంటుంది. గోల్డెన్ రిట్రీవర్లకి క్యాన్సర్ ఎక్కువ. మనవాళ్లు జుట్టు రాలదని ఎగబడి కొనే డూడుల్స్ (పూడుల్‌తో కలిపిన సంకర జాతులు) మధ్యలో ఉంటాయి. ఇంక జిప్ కోడ్: అదే కుక్కకి శాన్ హోసేలో చెప్పే ధర, అర్కన్సాలో చిన్న ఊళ్లో చెప్పే ధరకి దాదాపు రెట్టింపు ఉన్నా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే వెట్ బిల్లులే అక్కడ అలా ఉంటాయి.

మీ చేతిలో ఉన్నవీ మూడే: డిడక్టిబుల్, రీయింబర్స్‌మెంట్ శాతం, ఏడాదికి గరిష్ఠ పరిమితి. చాలామంది ప్రీమియం తగ్గించుకోవడానికి పరిమితిని 5,000కి దించేస్తారు. నా ఉద్దేశంలో తగ్గించకూడనిది అదొక్కటే. మోకాలి లిగమెంట్ తెగితే చేసే ఆపరేషన్‌కి ఊరిని బట్టి ఒక్కో కాలికి 4,000 నుంచి 7,000 దాకా అవుతుంది, ఒక కాలిది తెగిన కుక్కల్లో దాదాపు సగానికి రెండోదీ తెగుతుంది. క్యాన్సర్ అయితే చెప్పక్కర్లేదు. 400 డాలర్ల చెవి ఇన్ఫెక్షన్ మనం ఎలాగోలా కట్టుకుంటాం, మనల్ని ముంచేది పది వేల బిల్లు, దానికోసమే కదా ఇన్సూరెన్స్. కాబట్టి డిడక్టిబుల్ 750, కుదిరితే 1,000 పెట్టుకోండి, పరిమితి మాత్రం పెద్దది పెట్టుకోండి. డిడక్టిబుల్ ఏడాదికోసారా, ఒక్కో జబ్బుకి జీవితంలో ఒకసారా అన్నది కూడా చూడండి. ఎలర్జీలాగా ఏళ్లతరబడి వెంటాడే జబ్బుకి రెండోది లాభం, ఏడాదికి నాలుగు రకాల గొడవలు తెచ్చుకునే అల్లరి కుక్కకి మొదటిది లాభం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మొదటి ఏడాది ధర చూసి కొంటాం, కానీ అది ఏటా పెరుగుతుంది, మీరు ఒక్క క్లెయిమ్ చేయకపోయినా పెరుగుతుంది. కుక్క వయసు పెరిగిందని కొంత, వెట్ ఖర్చులు పెరిగాయని కొంత. చేర్పించినప్పటి వయసునే లెక్కలోకి తీసుకుంటామని చెప్పే కంపెనీ ఉన్నా, అదీ వైద్యం ఖర్చుల పేరు చెప్పి పెంచుతూనే ఉంటుంది. నెలకు 50 డాలర్లతో మొదలుపెట్టారనుకోండి. పెరగకుండా ఉంటే పన్నెండేళ్లకి 7,200 కడతారు. ఏటా 10 శాతం పెరిగితే మొత్తం 12,800 దాటుతుంది, పన్నెండో ఏట నెలకు 143 కడుతుంటారు. 15 శాతం పెరిగితే మొత్తం 17,400, చివరి ఏడాది నెలకు 230 పైన. కొనేటప్పుడు స్క్రీన్ మీద కనపడేది మాత్రం 50 ఒక్కటే.

పెరిగితే వేరే కంపెనీకి మారిపోతాం అంటారా, కారు ఇన్సూరెన్స్ అయితే అలాగే చేస్తాం. ఇక్కడ కుదరదు. కుక్కకి ఆరేళ్లప్పుడు ఎలర్జీ వచ్చింది, పాత కంపెనీ ఇస్తోంది. కొత్త కంపెనీకి వెళ్లిన రోజు నుంచి ఆ ఎలర్జీ పాత జబ్బు, దానికి పైసా రాదు. ఏ జబ్బు కోసం ఇన్సూరెన్స్ అవసరమో సరిగ్గా ఆ జబ్బుకే కవర్ పోతుంది. అంటే కుక్కకి మొదటి పెద్ద జబ్బు వచ్చిన రోజే మీరు ఆ కంపెనీకి కట్టుబడిపోయినట్టు, వాళ్లెంత పెంచినా కట్టాలి, లేదా వదిలేయాలి. కంపెనీలకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. పోనీ మనం కట్టుకుంటూ పోతామన్నా, వాళ్లు ఉంటారన్న భరోసా లేదు. 2024లో నేషన్‌వైడ్ కంపెనీ సుమారు లక్ష పెట్ పాలసీల్ని రెన్యూ చేయబోమని చెప్పేసింది, వెటర్నరీ ఖర్చులు పెరిగిపోయాయన్నది వాళ్ల కారణం. ముసలి కుక్కలున్నవాళ్లు కొత్త పాలసీ కోసం ఎక్కడికెళ్లాలి?

అందుకే కొనేముందు కంపెనీని అడగాల్సింది "నా కుక్కపిల్లకి ఎంత?" అని కాదు, "ఇదే జాతి, ఇదే జిప్ కోడ్, తొమ్మిదేళ్ల కుక్కకి ఇవాళ ఎంత?" అని. కొటేషన్ ఫారంలో పుట్టినరోజు మార్చి చూడండి, రెండు నిమిషాల పని. అది కూడా ఇవాళ్టి ధరే, రేపటి పెంపుదల దాని మీద ఉంటుంది, అయినా గాలిలో దీపం కంటే నయం. ఇంకొంచెం ఓపికుంటే, కంపెనీలు రేట్లు పెంచడానికి రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకి పెట్టుకునే దరఖాస్తులు చాలా రాష్ట్రాల్లో సెర్ఫ్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. గత రెండు మూడేళ్లలో మీ రాష్ట్రంలో ఎంత శాతం పెంచారో అందులో ఉంటుంది. చదవడానికి విసుగే, కానీ యూట్యూబ్ రివ్యూలకంటే పనికొస్తుంది, ఆ రివ్యూల్లో సగం కింద డిస్కౌంట్ లింకులే కదా.

వెట్ ఖర్చులు ఎందుకింత పెరిగాయన్నదానికి ఒక్క కారణం లేదు. ఎంఆర్ఐ, కీమో లాంటివి కుక్కలకీ వచ్చాయి, డాక్టర్ల కొరత ఉంది, ఇంకోటి, ఊళ్లో డాక్టరుగారి సొంత క్లినిక్‌ల్ని పెద్ద కంపెనీలు కొనేస్తున్నాయి. చాక్లెట్లమ్మే మార్స్ కంపెనీ చేతిలోనే బ్యాన్‌ఫీల్డ్, బ్లూపెర్ల్, 2017 నుంచి వీసీఏ ఆసుపత్రులు ఉన్నాయి. పెడిగ్రీ, రాయల్ కానిన్ తిండి కూడా వాళ్లదే. బోర్డు మీద పాత పేరే ఉంటుంది కాబట్టి యజమాని మారినట్టు మనకి తెలియదు.

పాత జబ్బు అనే మాట గురించి ఇంకాస్త చెప్పాలి. డాక్టరు నిర్ధారించిన జబ్బే పాత జబ్బు అనుకుంటాం. కాదు, లక్షణం కనపడితే చాలు. టీకాకి వెళ్లినప్పుడు మాటవరసకి "ఈమధ్య కుడికాలు కొంచెం ఎత్తి నడుస్తోందండీ" అంటారు, డాక్టరు చూసి ఏం లేదంటారు, కానీ ఫైల్‌లో ఒక లైన్ పడుతుంది. ఆ తర్వాత పాలసీ తీసుకుని, రెండేళ్లకి లిగమెంట్ తెగితే, క్లెయిమ్ పెట్టగానే కంపెనీ అడిగేది పాత రికార్డులన్నీ. ఆ ఒక్క లైన్ చాలు. అది కుడికాలైతే ఎడమకాలికి కూడా కవర్ ఉండదనే నిబంధన చాలా పాలసీల్లో ఉంటుంది. డాక్టరు దగ్గర దాచమని చెప్పట్లేదు, పాలసీ ముందు తీసుకోమంటున్నాను: కుక్కపిల్ల ఇంటికొచ్చిన మొదటి వారంలో, ఫైల్ ఖాళీగా ఉన్నప్పుడే. పాలసీ తీసుకున్నాక కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్ కూడా ఉంటుంది, జబ్బులకి మామూలుగా 14 రోజులు, మోకాలు, తుంటి సమస్యలకి కొన్ని పాలసీల్లో ఆరు నెలలు.

ఈ గందరగోళం చూసే క్యాలిఫోర్నియా 2014లో చట్టం చేసింది. 2022లో రాష్ట్రాల ఇన్సూరెన్స్ కమిషనర్ల సంఘం ఒక నమూనా చట్టం రాసింది, పదికి పైగా రాష్ట్రాలు దాన్ని ఏదో ఒక రూపంలో తీసుకున్నాయి. అందులో మనకి పనికొచ్చేవి: పాత జబ్బని నిరూపించే భారం కంపెనీదే, ప్రమాదాలకి వెయిటింగ్ పీరియడ్ పెట్టకూడదు, జబ్బులకి 30 రోజులు మించకూడదు, క్లెయిమ్ చేయకుండా 15 రోజుల్లో పాలసీ తిప్పి పంపొచ్చు. మీ రాష్ట్రంలో ఇది అమల్లో ఉందో లేదో ఇన్సూరెన్స్ శాఖ సైట్‌లో తెలుస్తుంది. క్లెయిమ్ తిరస్కరిస్తే ఊరికే తిట్టుకుంటూ కూర్చోకుండా ముందు కంపెనీకి అప్పీల్, తర్వాత ఆ శాఖకి ఫిర్యాదు పెట్టండి.

వెల్‌నెస్ ప్లాన్ అని ఇంకోటి అంటగడతారు, టీకాలకీ పళ్లు క్లీన్ చేయడానికీ. నెలకు పాతిక కట్టించుకుని ఏడాదికి మూడు వందల చిల్లర పరిమితితో తిరిగిస్తారు. మన డబ్బు మనకే ఇవ్వడం తప్ప అందులో ఏమీ లేదు, వద్దనండి. కానీ టెక్సస్ లాంటి దోమల ప్రాంతాల్లో హార్ట్‌వార్మ్ (దోమకాటుతో గుండెకి పట్టే పురుగు) రాకుండా వేసే మాత్ర మాత్రం నెలనెలా మానకండి, అది వేయకుండా ఆ జబ్బు తెచ్చుకుంటే కవర్ చేయబోమనే పాలసీలు ఉన్నాయి.

మరి తీసుకోవాలా వద్దా? రేపొద్దున ఏడెనిమిది వేల బిల్లు వస్తే, క్రెడిట్ కార్డు అప్పు లేకుండా, ఇంట్లో గొడవ లేకుండా కట్టేయగలిగితే, మీకు ఇన్సూరెన్స్ అక్కర్లేదు. కంపెనీ ఖర్చులు, లాభం పోగా మిగిలిందే జనానికి తిరిగొస్తుంది కాబట్టి సగటున చూస్తే కట్టినదానికంటే తక్కువే వస్తుంది. అలా కట్టలేని స్థితిలో ఉంటే, ముఖ్యంగా ఒక్క జీతం మీద, వీసా టెన్షన్ మీద నడిచే ఇళ్లలో, తీసుకోండి. నెలకు 60 వేరే ఖాతాలో దాచుకుంటామనే మాట వినడానికి బాగుంటుంది కానీ, టెంక ఎనిమిదో నెలలో మింగితే ఖాతాలో ఉండేది 480. కొందరు మొదటి రెండు మూడేళ్లు పాలసీ ఉంచి, పక్కన డబ్బు కూడబెట్టి, తర్వాత ఆపేస్తారు. పద్ధతి తప్పు కాదు, కానీ క్యాన్సర్లు, కీళ్లనొప్పులు వచ్చేది సరిగ్గా ఆ తర్వాతేనని తెలిసి చేయండి.

ఇండియాకి తిరిగి వెళ్లిపోయే ఆలోచన ఉన్నవాళ్లకి ఒక మాట. చాలా అమెరికా పాలసీలు అమెరికా, కెనడా దాటితే పనిచేయవు. ఇండియాలో పాత పద్ధతి పాలసీలు పశువుల బీమా లెక్కలోనే ఉంటాయి, కుక్క ఖరీదులో ఇంత శాతమని ప్రీమియం, కాబట్టి వీధిలోంచి తెచ్చుకున్న కుక్కకి ఖరీదు ఎంతనాలో ఎవరికీ తేలదు. 2020లో బజాజ్ అలయంజ్ తెచ్చిన పాలసీ కాస్త కొత్త తరహాది: ఆపరేషన్, ఆసుపత్రి ఖర్చులు మూలం, చనిపోవడం, తప్పిపోవడం, ఎవరినైనా కరిస్తే వచ్చే పరిహారం విడివిడిగా కలుపుకోవచ్చు, మైక్రోచిప్ ఉంటే కొంత తగ్గింపు. అయితే కొత్తగా చేర్పించడానికి అక్కడ వయసు పరిమితులున్నాయి, భారీ జాతులకి మరీ తక్కువ. తొమ్మిదేళ్ల ల్యాబ్రడార్‌ని తీసుకుని హైదరాబాద్‌లో దిగితే కొత్త పాలసీ దొరకడం కష్టం, కన్సల్టేషన్ నుంచి ఆపరేషన్ దాకా సొంత డబ్బే. అందుకని వెళ్లేముందు పళ్లు, రక్తపరీక్షలు, అనుమానంగా ఉన్న గడ్డలు ఏవైనా ఉంటే ఇక్కడి పాలసీ ఉండగానే చూపించేయండి, క్లెయిమ్ డబ్బులు ఖాతాలో పడ్డాకే పాలసీ ఆపండి.